మేనరికం మాట

స్కానింగ్ గదిలో ఆవిడ "ఎన్నో నెల?" అని మా అమ్మని అడిగింది. అప్పటికి నా ఇంటర్ కూడా పూర్తవలేదు. నా పొట్టలో ఉన్నది వాచి బొడ్డు దాకా దిగిన ప్లీహం (స్ప్లీన్). అదే స్కాన్‌లో ఆ సంగతి తేలినా సారీ అనలేదావిడ.

ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఒక డాక్టరు బ్లడ్ క్యాన్సరేమో అన్నారు. ఇంకో సర్జన్ ప్లీహం తీసేద్దామని తేదీ కూడా ఇచ్చేశారు.

ఆ తేదీ రాకముందే ఒక రాత్రి ముక్కులోంచి రక్తం మొదలైంది. తెల్లవారుజాము దాకా ఆగలేదు. అమ్మ పాత నూలు చీర చింపి గుడ్డలు అందిస్తూనే ఉంది. నాన్న కారున్నవాళ్ల తలుపులు కొడుతున్నాడు. గొంతులోకి జారిన రక్తం మింగి మింగి నల్లగా కక్కుకున్నాను. అప్పుడు మా పెద్దత్త గుమ్మంలో నిలబడి, "మేనరికం చేసుకుంటే ఇంతే మరి" అంది. ఆ సంబంధం కుదిర్చిందే ఆవిడ!

హైదరాబాద్‌లో ఎముక మజ్జ తీసి చూస్తే నలిపిన టిష్యూ కాగితంలాంటి కణాలు కనబడ్డాయట. రక్తంలో ఎంజైమ్ పరీక్ష చేసి గౌచర్ వ్యాధి అని తేల్చారు. గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ చాలక ఒక రకం కొవ్వు ప్లీహంలో, లివర్‌లో, మజ్జలో పేరుకుపోతుంది. లోపమున్న జన్యువు అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి వచ్చాయి. ఇలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. అన్నయ్య తప్పించుకున్నాడు. అమ్మనొక్కదాన్నే ఎందుకు అంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ చాలని ఎంజైమ్‌కి బదులుగా ఎక్కించే మందు ఇమిగ్లూసెరేజ్ అమెరికాలో 1994 నుంచే ఉంది. రెండు వారాలకోసారి, జీవితాంతం ఎక్కించుకోవాలి. మొదట్లో ఒకసారి మందు ఎక్కుతుండగా వణుకొస్తే, వెంటనే డ్రిప్ ఆపి డాక్టర్‌ని పిలిచిన నర్సక్కకి దణ్ణం పెట్టాలి. పొట్ట మెల్లగా తగ్గింది, ముక్కు మళ్లీ కారలేదు. నాన్న తిరుపతిలో తలనీలాలిచ్చాడు. మందా, మొక్కా అని నేను వాదించను.

ఎవరికైనా ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గితే, కోయించే ముందు ఈ ఎంజైమ్ పరీక్ష గురించి అడగండి. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద ఇప్పుడు 50 లక్షల దాకా సాయముంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిసి దానికి ఒక కేంద్రం. కానీ జీవితాంతం వాడే మందుకి 50 లక్షలు ఏ మూలకి? మోతాదు ఒంటి బరువుని బట్టి. నేను కాస్త ఒళ్లు చేశానని చుట్టాలు మెచ్చుకుంటుంటే, అమ్మ ఇంకెన్ని సీసాలు కావాలో లెక్కేస్తుంది.