పై పోర్షన్‌కు మెట్లు బయటి నుంచే ఉండాలి

పన్నెండేండ్లలో నల్లగొండలో అయిదు కిరాయి ఇండ్లు మారాం. ఒక ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకల్లా గేటుకు తాళం పడేది. మా ఆయన కరెంటు సామాన్ల దుకాణం కట్టేసి వచ్చేసరికి పది. రోజూ ఫోన్ చేసి, ఓనరును లేపి, ఆయన విసుక్కుంటూ వచ్చి తాళం తీసేదాకా ఇద్దరం సందులో నిలబడేవాళ్లం. ఇంకో ఇంట్లో మా మెట్లు వాళ్ల హాలు పక్క నుంచే. సంచిలో ఏం కూర తెచ్చామో రోజూ వాళ్లు చూసేవాళ్లు. మరోచోట వాళ్ల మీటరు కిందే మాకొక సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకున్నారు. చివరి ఇంట్లో ఖాళీ చేసే రోజు గోడలకు రంగులని చెప్పి అడ్వాన్స్‌లో సగం పట్టుకున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. ఒక ఇంటికి పోతే తాళంచెవి చేతిలో పట్టుకొని, తలుపు తీయకముందే ‘మీరేమోళ్లు?’ అని అడిగారు. చెప్పాను. ‘మా పెద్దోళ్లను అడిగి ఫోన్ చేస్తం’ అన్నారు. తిప్పర్తి వైపు బడికి పోతూ రెండు వారాలు ఆ గేటుకు వేలాడుతున్న టూలెట్ బోర్డు చూశాను. ఫోన్ రాలేదు.

అందుకే 2022 దసరా తర్వాత ఇల్లు కొందామని అనుకున్నప్పుడు మా ఆయనకు మొదటే చెప్పాను. కింద మనం, పైన కిరాయి. కానీ పైకి మెట్లు బయటి నుంచే ఉండాలి, పైవాళ్లకు వేరే మీటరు పెట్టే వీలుండాలి, నల్లా నీళ్లు పైకి ఎక్కాలి. ఈ మూడూ లేకపోతే ఇల్లు ఎంత బాగున్నా వద్దు.

పై పోర్షన్ ఎందుకంటే డబ్బుల కోసమే. మా ఆయన దుకాణానికి ఐటీ రిటర్నులు ఒక్క ఏడాదివే ఉన్నాయి, బ్యాంకు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. నా టీచరు జీతం ఒక్కటే చూశారు. అయితే ఒకటి గట్టిగా అనుకున్నాం: వచ్చే కిరాయిని ఈఎంఐ లెక్కలో కలపొద్దు. పైన మూడు నెలలు ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగకూడదు. కిరాయిని నమ్ముకొని పెద్ద లోన్ తీసుకున్న మా తోటి టీచరొకామె, కిరాయిదారు వెళ్లిపోతానంటే నెలంతా నిద్రపోలేదు. అది కళ్లారా చూశాను.

ఆరు నెలలు ప్రతి ఆదివారం బండి మీద తిరిగాం. హైదరాబాద్ రోడ్డు అపార్ట్‌మెంట్లు, మిర్యాలగూడ రోడ్డు ప్లాట్లు, పానగల్లు వైపు పాత ఇండ్లు. మా అమ్మగారిది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి గారపట్టిన పండ్లతో, నలభై ఏండ్లకే వంగిపోయిన నడుముతో మా పెద్దనాయనను చూస్తూ పెరిగినదాన్ని. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు, మా ఊళ్లల్లో బోర్లు దానికి ఎన్నో రెట్లు మీద ఉండేవి. అందుకని ఏ ఇంటికి పోయినా ముందు నల్లా విప్పేదాన్ని. ‘బోరు మస్తు పోస్తదమ్మా’ అని ఓనరు గొప్పగా చెప్తే నా మనసుకు ఎక్కేది కాదు. కృష్ణ నీళ్లు వస్తాయా, ఏ టైముకు వస్తాయి, మోటరు లేకుండా పై ట్యాంకు దాకా ఎక్కుతాయా? పక్కింటివాళ్లను అడిగితే నిజం తెలిసేది.

దేవరకొండ రోడ్డు వైపు ఒక కాలనీలో చివరికి దొరికింది. 150 గజాలు. కింద ఇల్లు 1996లో కట్టింది, పైది తర్వాత వేసింది. మెట్లు పక్క సందులోంచి, వాటికి వేరే చిన్న గేటు. ఆ గేటు చూడగానే నాకు ఇల్లు నచ్చింది. 52 లక్షలన్నారు, మూడుసార్లు కూర్చుంటే 46కు ఒప్పుకున్నారు.

లక్ష బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. కాగితాల్లో లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే బయానా తిరిగి ఇవ్వాలని అందులో రాయమన్నాను. ‘ఇట్ల ఎవ్వరు రాయించుకోరు మేడం’ అన్నాడు డాక్యుమెంట్ రైటరు. రాయకపోతే సంతకం పెట్టనన్నాను, రాశాడు. తర్వాత జరిగింది చూస్తే ఆ ఒక్క వాక్యమే మాకు ధైర్యం.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం తీస్తే, ఇల్లు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు. తల్లి కూడా లేదు. బ్యాంకు వకీలు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగారు. మీసేవలో దరఖాస్తు పెట్టి అది తెచ్చేసరికి అందులో మూడో పేరుంది. సూర్యాపేటలో ఇచ్చిన ఆడబిడ్డ. మాకు అప్పటిదాకా ఆమె సంగతే చెప్పలేదు.

‘పెండ్లికి ఇయ్యాల్సినయన్ని ఇచ్చినం టీచరమ్మా. ఆమెతోని పనిలేదు’ అన్నాడు పెద్దాయన. చిన్నాయన, ఇంట్లోనే ఒక కాగితం మీద సంతకం తెస్తానన్నాడు. వకీలు ఒప్పుకోలేదు. తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు, వీలునామా లేదు. అలాంటి ఆస్తిలో కొడుక్కెంతో బిడ్డకూ అంతే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే అది ఉంది. ఆమె సంతకం లేకుండా మేం కొంటే రేపు ఆమె గానీ ఆమె పిల్లలు గానీ కోర్టుకు పోవచ్చు, న్యాయం వాళ్ల వైపే ఉంటుంది.

ఆ రాత్రి మా ఆయన ‘రిలీజ్ డీడ్ రాయించుకుంటే సరిపోతదట కదా, వాళ్ల ఇంటి లొల్లి మనకెందుకు’ అన్నాడు. కాగితం వరకు అది నిజమే. కానీ నేనూ ఒక ఇంటి ఆడబిడ్డనే. ఆమె హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఇంట్లో నేను పొయ్యి వెలిగించలేను. ఆమె కూడా అమ్మేవాళ్లలో ఒకరిగా రావాలి, ఆమెకు రావాల్సింది ఆమె పేరు మీద డీడీగా ఉండాలి. ఈ రెండు మాటలు అన్నదమ్ములకు చెప్పాను. ఎంత వాటా అన్నది వాళ్లు ముగ్గురూ మాట్లాడుకోవాల్సిన సంగతి, అందులో నేను వేలు పెట్టలేదు. నెలన్నర ఆలస్యమైంది. బయానా వాపసు ఇస్తామని కూడా అన్నారు ఒకసారి. ఆగాం.

ఈలోపు ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు వాల్యూయర్ వచ్చాడు. మున్సిపాలిటీ అనుమతి కింది అంతస్తుకే ఉంది, పైది ప్లానులో లేదు. మేం కిరాయికి అనుకున్న పోర్షనే అది! ఆయన 38 లక్షలే రాశాడు. బ్యాంకు లోన్ 46లో 80 శాతమంటే 36 లక్షల 80 వేలు వస్తాయని మా లెక్క. చేతికొచ్చింది 30 లక్షలు. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చులకు బ్యాంకు లోన్ ఇవ్వదు. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, అంతా కలిపి 7.5 శాతం. 46 లక్షల మీద 3 లక్షల 45 వేలు. వకీలు ఫీజు, బ్యాంకు ఫీజులు, ఇతర ఖర్చులు కలిపితే మేం సొంతంగా తేవాల్సింది 20 లక్షలయింది. మా దగ్గర దాచుకున్నవి పదకొండున్నర. నాలుగు లక్షలకు చిట్టీ పాడుకున్నాం, చాలా తోసుకొని పాడాల్సి వచ్చింది. గాజులు, హారం కుదువపెడితే రెండున్నర. మా తమ్ముడు రెండు లక్షలిచ్చాడు.

ఇల్లు కొనాలనుకునేవాళ్లు బేరం ఆడకముందే మున్సిపల్ ప్లాను అడిగి చూడండి. ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, కట్టింది ఎన్ని అంతస్తులో పోల్చి చూడండి. మేం బేరం కుదిరాక చూశాం. ఆ పై అంతస్తు సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులాగానే ఉంది.

‘డాక్యుమెంట్‌లో 25 లక్షలే చూపిద్దాం, మీకు లక్షన్నర మిగుల్తది’ అని అన్నదమ్ములు చివర్లో అడిగారు. డబ్బుకు కటకటగా ఉన్న రోజులు, ఆ మాట ఆశపెట్టింది. కానీ బ్యాంకు ఇచ్చేదే డాక్యుమెంట్ చూసి. పైగా అబద్ధం రాసిన కాగితంతో ఇరవై ఏండ్లు కాపురం చేయాలి. కుదరదన్నాం.

2023లో రిజిస్ట్రేషన్. ఆమె సూర్యాపేట నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. నా వయసే. వేలిముద్ర, ఫొటో అయ్యాక బెంచీ మీద నా పక్కన కూర్చుంది. బ్యాంకాయన డీడీ చేతికిస్తే చాలాసేపు చూసి నా వైపు తిప్పింది. ‘నా పేరు సక్కగనే రాసిన్రా అక్కా?’ అక్షరం అక్షరం చదివి చెప్పాను. కొంగులో చుట్టుకొని, అన్నలిద్దరితో ఒక్క మాట మాట్లాడకుండా బస్టాండుకు ఆటో ఎక్కింది.

రిజిస్ట్రేషన్‌తోనే ఇంటిపన్నులో పేరు మారుతుందన్నారు. నేను రెండుసార్లు పోయి పత్రం చూసుకున్నాకే నమ్మాను. కరెంటు మీటరు మాత్రం తనంతట తాను మారదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటే పై పోర్షన్‌కు రెండో మీటరుకు కట్టాం. ఖర్చెందుకు, సబ్‌మీటరు పెట్టుకోమని లైన్‌మన్ సహా అందరూ అన్నవాళ్లే. మా ఆయన దుకాణంలో కూర్చొని లెక్క చేసి చూపించాడు. రెండిండ్లకు చెరో 110 యూనిట్లు కాలితే ఒకే మీటరు మీద 220 అవుతాయి. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,174 రూపాయలు. అవే యూనిట్లు రెండు మీటర్ల మీద అయితే మొదటి వంద 3 రూపాయల 40 పైసలకు, తర్వాతవి 4 రూపాయల 80 పైసలకు, ఒక్కో ఇంటికి 388. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. అంటే రెండిండ్లకు కలిపి నెలకు దాదాపు 400 తేడా. ఆ కిరాయి ఇంట్లో నేను యూనిట్‌కు పది కట్టింది తలుచుకుంటే కడుపు మండింది.

ఆగస్టులో టూలెట్ బోర్డు పెట్టాం. పక్కింటామె గోడ మీంచి ‘మనోళ్లకే ఇయ్యి, లేకుంటే కాలనీల మాటొస్తది’ అంది. ఎవరు మనోళ్లు? వచ్చిన వాళ్లను నేను మూడే అడిగాను: ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, కిరాయి ఏ తారీఖుకు ఇవ్వగలరు. నాలుగో ప్రశ్న అడగలేదు, అడగను.

తీసుకున్నది ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకమ్మాయి. ఆమె, తల్లి, బడికి పోయే కొడుకు. అంతకుముందు చూసిన ఇండ్లన్నింట్లో నైట్ డ్యూటీ అనగానే మొహం తిప్పారట. ‘అక్కా, నేను రాత్రి ఏ టైముకు పోతనో, ఏ టైముకొస్తనో తెల్వది, ముందే చెప్తున్న’ అంది భయపడుతూ. సందులో గేటు చూపించి దాని తాళంచెవి చేతికిచ్చాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

కిరాయి 8,000, అడ్వాన్స్ రెండు నెలలది. స్టాంపు పేపరు మీద 11 నెలలకు అగ్రిమెంట్, అందరూ రాసుకునేది పదకొండే. మామూలు షరతులకు తోడు నేను రెండు కలిపాను. ఖాళీ చేసిన రోజే అడ్వాన్స్ ఇవ్వాలి. రంగుల ఖర్చు ఓనరుదే. వచ్చిన కిరాయిని ఐటీలో చూపిస్తున్నాను. ఎవరూ చూపరు, నీకెందుకన్నారు స్టాఫ్‌రూంలో. కట్టిన ఇంటిపన్ను, ఆపైన 30 శాతం తీసేసి, పై పోర్షన్ వాటాకొచ్చే లోన్ వడ్డీ కూడా తీసేస్తే పన్ను పడేదేమీ మిగల్లేదు.

2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. నర్సమ్మాయి తల్లికి కార్డుంది, మీటరు వేరే ఉంది. మొదటి జీరో బిల్లు తెచ్చి నాకు చూపించింది. సబ్‌మీటరు పెట్టి ఉంటే ఆమెకు అది దక్కేది కాదు.

ఓనరుగా నాకూ పరీక్ష వచ్చింది. ఆ ఏడు వానలప్పుడు పై బాత్‌రూం కింద మా వంటింటి స్లాబుకు చెమ్మ దిగి పెచ్చులు రాలాయి. వాళ్లు నీళ్లు ఎక్కువ పోస్తారని మా ఆయన, పాత పైపని మేస్త్రీ. టైల్స్ తవ్వి చూస్తే పైపే పగిలి ఉంది. 38,000 అయింది. ఆ వారం రోజులూ వాళ్లు కిందికొచ్చి మా బాత్‌రూమే వాడుకున్నారు. ఆ నెల కిరాయిలో వెయ్యి తగ్గించాను. అప్పటికింకా నా గాజులు బ్యాంకులోనే ఉన్నాయి, వెయ్యి తగ్గించడం తేలికేం కాలేదు.

మూడో అగ్రిమెంట్ రాసుకున్నాం, ఇప్పుడు కిరాయి 9,000. ఈసారి ఆమే ఒకటి అడిగింది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లకు ఒక పక్క గోడ తప్ప పట్టుకోవడానికి ఏం లేదు, రెండో పక్క కమ్మీ పెట్టించమని. నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆదివారం వెల్డింగ్ అతను కొలతలకు వస్తున్నాడు.