స్పితికి సిమ్లా వైపు నుంచే ఎక్కండి

మనాలి నుంచి హిమాచల్‌లోని స్పితి లోయలో ముఖ్య పట్టణం కాజా 200 కిలోమీటర్లే కదా అని అటు వెళ్లేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఒక్కరోజులో 4,500 మీటర్లు దాటే కుంజుమ్ కనుమ ఎక్కితే రాత్రికి తలనొప్పి, వాంతులు. సిమ్లా వైపు దూరం రెట్టింపే, కానీ కల్పా, నాకో, తాబోల్లో ఒక్కో రాత్రి ఆగితే ఒళ్లు ఎత్తుకి అలవాటు పడుతుంది. దారిలో వచ్చే పొవారీలో ట్యాంకు నింపేయండి, తర్వాత కాజా దాకా పెట్రోలుకి నమ్మకం లేదు. విదేశీ పాస్‌పోర్టున్న మనవాళ్లకి ఈ దారిలో ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లోకి వెళ్లేందుకు అనుమతి పత్రం) కావాలి.

తిరుగు ప్రయాణం మనాలి మీదుగా. ముందు రాత్రి చంద్రతాల్ సరస్సు దగ్గర టెంటులో ఉండి, బాతాల్-గ్రంఫూ మధ్య రోడ్డు ముక్క పొద్దున్నే దాటేయాలి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, ఉదయం టైరు తడిసీ తడవని వాగు మధ్యాహ్నానికి మోకాలి లోతవుతుంది. అడుగున గుండ్రాళ్లు కనపడవు. చిన్న కార్ల ఆయిల్ చాంబర్లు పగిలేది అక్కడే. నీళ్లలో గేరు మార్చొద్దు, ఫస్ట్‌లోనే ఆగకుండా పోనివ్వండి.

స్పితిలోని కీ గొంపా (బౌద్ధ మఠం) అందరి ఫొటోల్లోనూ ఉంటుంది. నా ఓటు మాత్రం తాబో గొంపాకే. 996లో కట్టిన మట్టి గోడలు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే. చీకటికి కళ్లు అలవాటయ్యాక గోడల్లోంచి మట్టి దేవతలు ఒక్కొక్కరే ముందుకొస్తారు.

అన్నట్టు, కాజాలో నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే అన్నం పలుకే.