షోలాపూర్‌లో మిల్లు సేఠ్ వంశం వెతుక్కుంటూ

సిరిసిల్ల దిక్కు పద్మశాలీల ఇళ్ళలో షోలాపూర్ చుట్టరికం లేని ఇల్లు దొరకడం కష్టం. మా అమ్మమ్మ వైపు వాళ్ళు సగం మంది అక్కడే స్థిరపడ్డారు. పెళ్ళిళ్ళకీ చావులకీ పోయొచ్చిన ఊరే గానీ, ఈసారి నేను పోయింది ఒక మిల్లు ఓనర్ ఇంటి చరిత్ర కోసం. మా చిన్నతాత పనిచేసింది ఎన్.జి. మిల్లులో. ఎన్.జి. అంటే నర్సింగ్ గిర్‌జీ. ఆయన ఎవరు అని ఇంట్లో ఎవర్ని అడిగినా "ఎవరో సేఠ్" అంటారు తప్ప ఇంకో మాట లేదు. ఒక కుటుంబం ఇన్నేళ్ళు ఆ మిల్లు కూడు తిని, ఆ మిల్లు పెట్టినాయన ఊరేదో కూడా తెలుసుకోకపోవడం నాకు చాలా రోజులుగా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ముందు బస్సు గొడవ చెప్పాలి. రైలుకి రిజర్వేషన్ దొరకలేదు, ముక్కలు ముక్కలుగా బస్సుల్లో పోయాను. మన తెలంగాణ ఆడవాళ్ళకిచ్చే మహాలక్ష్మి ఫ్రీ టికెట్ రాష్ట్ర సరిహద్దు వరకే కాబట్టి జహీరాబాద్ దాకా పైసా ఖర్చు లేదు. అక్కడ కర్ణాటక బస్సెక్కితే ఫ్రీ వాళ్ళ రాష్ట్రం ఆడవాళ్ళకే అని కండక్టర్ ఆధార్ కూడా అడక్కుండా, నా మాట వినగానే టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఉమర్గాలో దిగి మహారాష్ట్ర ఎస్టీ బస్సెక్కితే ఆడవాళ్ళకి సగం టికెట్, నీది ఏ రాష్ట్రమమ్మా అని అడిగినోడు లేడు. రోడ్డు ఒకటే, పొలాలూ అవే కందీ జొన్నా, టికెట్ లెక్క మాత్రం మూడు రకాలు. నల్‌దుర్గ్ దాటాక సీటు దొరికింది, అప్పటిదాకా నిలబడే ఉన్నాను. షోలాపూర్ స్టాండ్‌లో దిగితే సాఖర్ పేటకి ఆటోవాడు చెప్పిన రేటు వింటే బస్సుల్లో మిగిల్చిందంతా అక్కడే పోయినట్టు అనిపించింది. తెలుగులో గట్టిగా అడిగాక ఆయనా తెలుగులోకే దిగాడు, రేటూ కొంచెం దిగింది. పూర్వభాగ్ అనే ఆ తూర్పు పేటల్లో ఇది మామూలే. బోర్డులు మరాఠీలో ఉంటాయి, ఇంట్లో మాట మాత్రం కరీంనగర్‌దే.

రికార్డుల కోసం తిరిగిన తిరుగుడు గురించి ఎక్కువ చెప్పను. ఒక ఆఫీసులో లెటర్ తెమ్మన్నారు, లెటర్ రాసిస్తే స్టాంపు కావాలన్నారు, స్టాంపు వేయాల్సినాయన సెలవులో ఉన్నాడన్నారు. ఇంకో చోట బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నేను అడిగింది మిల్లు ఆస్తి కాగితాలు కాదు, ఓనర్ కుటుంబం పేర్లు మాత్రమే! కోపమొచ్చి, మధ్యాహ్నం భోజనానికి మామ ఇంటికొచ్చేశాను. కడక్ జొన్నరొట్టె, శేంగా అంటే పల్లీల చట్నీ, పచ్చి ఉల్లిగడ్డ. ఆ చట్నీ కోసమైనా మళ్ళీ పోవచ్చు.

నిజానికి నాకు కావలసింది చాలావరకు ముందే చదివి పెట్టుకున్నాను. షోలాపూర్‌కి రైలు 1860లోనే వచ్చింది, చుట్టుపక్కల పత్తి ఉంది, 1876–78 కరువులో బతుకు కోసం ఊళ్ళు విడిచిన జనం ఉన్నారు. మిల్లు పెట్టేవాడికి ఇంకేం కావాలి? మొదటిది బొంబాయి భాటియా వ్యాపారి మొరార్జీ గోకుల్‌దాస్ 1870లలో పెట్టాడు, ఊళ్ళో జూనీ మిల్ అనేది దాన్నే. ఆయన 1880లో పోయాడు. కొడుకు నరోత్తమ్ మొరార్జీ 1919లో సింధియా నౌకల కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు, ఆ కంపెనీలో భాగస్వామి వాల్‌చంద్ హీరాచంద్ షోలాపూర్‌లోనే పుట్టాడు. నరోత్తమ్ కోడలు సుమతి మొరార్జీ తర్వాత ఆ ఓడల కంపెనీనే నడిపింది. ఆ జూనీ మిల్ 1949లో మూతపడితే, ప్రభుత్వం 1950లో ఆర్డినెన్స్ తెచ్చి చేతుల్లోకి తీసుకోవడం, ఒక షేర్‌హోల్డర్ సుప్రీంకోర్టుకెక్కడం లా చదివే పిల్లలు ఇప్పటికీ చదువుకుంటారు. ఆ వంశం గురించి వెతకాల్సిన పనే లేదు, అన్నీ దొరుకుతాయి.

నర్సింగ్ గిర్‌జీది అట్లా కాదు. ఆయన గుజరాతీ కాదు, మార్వాడీ కాదు, హైదరాబాద్ గోసాయి. దశనామి సన్యాసుల సంప్రదాయం వాళ్ళది, పేరు చివర గిర్ అని ఉండేది అందుకే. కాషాయం కట్టినవాళ్ళే అయినా బేగంబజార్‌లో కోఠీలు పెట్టి వడ్డీ వ్యాపారం చేశారు, నిజాం రాజ్యంలో పెద్దపెద్దవాళ్ళకి అప్పులిచ్చారు. వాళ్ళలో పాత పద్ధతి ఏమిటంటే ఆస్తి కొడుక్కి కాదు, గురువు నుంచి చేలాకి, అంటే శిష్యుడికి పోతుంది. కాబట్టి వాళ్ళ వంశవృక్షం వెనక్కి గీద్దామంటే రక్తసంబంధం పట్టుకుని పోతే కుదరదు, మఠం పట్టుకుని పోవాలి. ఈ ఇంట్లో మాత్రం తర్వాతి తరాలు పెళ్ళిళ్ళు చేసుకుని సంసారులయ్యాయి. 1890 ప్రాంతంలో గోషామహల్‌లో జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ కట్టిందీ, 19వ శతాబ్దం చివర షోలాపూర్‌లో మిల్లు పెట్టిందీ ఆ నర్సింగ్ గిర్‌జీయే. బొంబాయి అపోలో బందర్ దగ్గరి ధన్‌రాజ్ మహల్ ఆ తర్వాతి తరం రాజా ధన్‌రాజ్‌గిర్‌జీది. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా కథానాయిక జుబేదా ఈ కుటుంబానికే కోడలు. ఇక తెలుగువాళ్ళం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ధన్‌రాజ్‌గిర్‌జీ కూతురు, ఇంగ్లిష్‌లో కవిత్వం రాసిన ఇందిరాదేవి ధన్‌రాజ్‌గిర్, మన కవి గుంటూరు శేషేంద్ర శర్మ భార్య. శేషేంద్ర గురించి నేను చదివిన వ్యాసాల్లో జ్ఞాన్‌బాగ్ ఉంటుంది, షోలాపూర్ ఉండదు. ఆ మిల్లులో మూడు తరాలు తెలుగువాళ్ళే సాంచాలు, అంటే మగ్గాలు, నడిపినా ఆ మాట ఒక్క లైనులో కూడా రాకపోవడం నాకు బాధగానే ఉంది.

సాయంత్రం మామ నన్ను ఆ వీధి చివర ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఎన్.జి. మిల్లులో నేత ఖాతాలో, అంటే నేత విభాగంలో చేసి, పనివాళ్ళని పెట్టుకుని పని చేయించే జాబర్‌గా రిటైరయ్యాడట. వాకిట్లో ఆయన భార్య బీడీలు చుడుతూ కూర్చుంది. తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం వేసేదాకా చూపు నా మొహం మీదే ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఆయనకి చెవులు వినపడవు. సాంచాల మోతలో నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి కదా. నేను అరిచినా లాభం లేదు. ఆమే నా ప్రశ్న విని చేతులతో, పెదాలతో సైగ చేస్తుంది, ఆయన వెంటనే జవాబు చెప్తాడు. మిల్లులో అందరూ మాట్లాడుకున్నది అట్లనేనట, ఆ భాష ఇంటికొచ్చి పెళ్ళానికి కూడా వచ్చేసింది.

"సేఠ్ ఎట్లుండేటోడు తాతా?" అని అడిగించాను.

"సేఠ్‌ను ఎన్నడు సూడలె బిడ్డా. ఫోటోకు దండ ఏసుడు సూసిన, గంతే."

ఆయన చెప్పాలనుకున్నది సేఠ్ సంగతి కాదు. లేచి లోపలికి పోయి ఒక నాడె పట్టుకొచ్చాడు, మగ్గంలో పోగుని అటూ ఇటూ తీసుకుపోయేది. రెండు కొసలకీ ఇనుప మొనలు, నడుమ కర్ర చేతుల్లో అరిగి నున్నగా మెరుస్తోంది. పక్కన చిన్న కన్నం. పోగు చుట్టిన కండె మార్చిన ప్రతిసారీ పోగుని ఆ కన్నంలోంచి నోటితో పీల్చి బయటికి లాగేవాళ్ళు. ఆయన నాడెని పెదాలకి ఆనించి, పోగు లేకపోయినా, ఒక్కసారి లోపలికి గాలి పీల్చి చూపించాడు. పోగుతో పాటు దూదీ పోయేది, ముందు వాడినోడి ఎంగిలీ పోయేది. షిఫ్ట్ మారినా నాడె మారదు కదా. పెద్దాయన వాళ్ళ నాయనకి దమ్ము, అంటే ఆయాసం, అట్లనే పట్టిందని ఆమె చెప్పింది. ఆ నాయన 1930 మే నెలలో గాంధీని పట్టుకుపోయారని మిల్లులు బందు పెట్టి రోడ్డెక్కిన వాళ్ళలో ఉన్నాడు. ఊళ్ళో కాల్పులు, మార్షల్ లా, తర్వాత 1931 జనవరి 12న ఎరవాడలో నలుగురు షోలాపూర్ వాళ్ళకి ఉరి. ఆ నలుగురి పేర్లూ ఈయన వరసగా చెప్పాడు: మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సార్డా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుస్సేన్. సేఠ్ పేరు తెలియని ఇళ్ళలో ఈ పేర్లు పిల్లలకి కూడా నోటికొచ్చు.

నేను శేషేంద్ర సంగతి చెప్పాను. ఆమె సైగలతో చెప్పడానికి కొంచెం కష్టపడింది. సేఠ్ మనవరాలు, తెలుగు కవి, పెళ్ళి. అర్థమయ్యాక ఆయన మొహం మారిపోయింది.

"తెలుగాయననా? మల్ల మాకెవ్వరు జెప్పలేదేంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక ఆయనే నా నోట్‌బుక్ వైపు చూపించి, ఇగ రాసుకో అన్నాడు. ఖాతాలో ఎవరు ఎవర్ని తీసుకొచ్చి పనిలో పెట్టారో చెప్పడం మొదలుపెట్టాడు. అప్పట్లో జాబర్ మాట లేకుండా, రానివాళ్ళ బదులు చేసే బద్లీ పని కూడా దొరికేది కాదు కాబట్టి ప్రతి మనిషి వెనకా ఒక మనిషి ఉంటాడు. ఫలానా ఆయన్ని కోరుట్ల నుంచి బావ తెచ్చాడు, ఆ బావని గర్షకుర్తి జాబర్ పెట్టాడు, ఆ జాబర్ని సిరిసిల్ల నుంచి మేనమామ తెచ్చాడు. గోసాయీల గురువూ చేలా లెక్క కూడా ఇట్లాంటిదే కదా అనిపించింది నాకు. అట్లా చెప్పుకుంటూ పోతే మా చిన్నతాత దగ్గరికొచ్చాడు. ఆయన్ని పెట్టించింది మా వాళ్ళెవరూ కాదట, మెట్‌పల్లి నుంచి వచ్చిన పక్క సాంచా ఆయనట. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నాలుగు పేజీలు నిండాయి, చీకటి పడేదాకా రాస్తూనే ఉన్నాను, మామ రెండుసార్లు పిలిచిపోయాడు.

తిరుగు ప్రయాణం రైల్లోనే, తత్కాల్ డబ్బులు ఎక్కువైనా సరే అనుకున్నాను. ఆ నాలుగు పేజీలు సాపు రాసి పెట్టాను, రాజాల వైపు పేర్లు ఒక కాగితం మీద, ఖాతా వైపు పేర్లు ఇంకో కాగితం మీద. రెండోది ఇంకా సగమే. కోరుట్ల, మెట్‌పల్లి, గర్షకుర్తి దిక్కు మీ ఇళ్ళలో ఎవరైనా షోలాపూర్ ఎన్.జి. మిల్లులో చేశారని విని ఉంటే, ఆయన్ని పనిలో పెట్టించింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి నాకు చెప్పండి.