ఎనిమిదో జట్టు కోసం

అమెరికా యూనివర్సిటీ క్రీడల్లో పాక్-12 అనే కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) కూలిపోవడం కంటే, దాన్ని తిరిగి నిలబెట్టిన లెక్కలే నన్ను ఎక్కువ కట్టిపడేశాయి. 2024లో పది యూనివర్సిటీలు వెళ్లిపోయాక ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మిగిలాయి. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం పై స్థాయి అమెరికన్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌లో కనీసం ఎనిమిది పూర్తి సభ్యులుండాలి. లోటు పూడ్చుకోవడానికి రెండేళ్ల గడువు.

బోయిసీ, శాన్ డియేగో, ఫ్రెస్నో, కొలరాడో, యూటా స్టేట్‌లను మౌంటెన్ వెస్ట్ అనే మరో కాన్ఫరెన్స్ నుంచి లాక్కున్నారు. చిక్కంతా ఇక్కడే. మిగిలిన ఆ రెండు జట్లకి 2024 సీజన్‌లో మ్యాచ్‌లు ఇచ్చేటప్పుడే ఆ కాన్ఫరెన్స్ షరతు రాయించుకుంది: మా జట్టును తీసుకెళ్తే మొదటిదానికి కోటి డాలర్లు, తర్వాత ఒక్కోదానికి మరో ఐదు లక్షలు పెంచుకుంటూ. ఐదింటికీ కలిపి 5.5 కోట్లు! కాన్ఫరెన్స్ వదిలినందుకు స్కూళ్లు కట్టాల్సిన ఎగ్జిట్ ఫీజు వేరే. పాక్-12 కోర్టుకెక్కింది. ఎంత ఇరకాటంలో ఉన్నా అలాంటి షరతుకి సంతకం పెట్టకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.

పాక్-12లో కొత్తగా చేరిన గొంజాగా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్‌లో దిగ్గజమే, కానీ ఫుట్‌బాల్ జట్టు లేదు. ఎనిమిది లెక్కలోకి రాదు. ఆ ఎనిమిదో ఖాళీ టెక్సస్ స్టేట్‌తో నిండింది, అదీ 2025 జూన్ 30న. దాని పాత కాన్ఫరెన్స్ సన్ బెల్ట్‌కి కట్టాల్సిన ఎగ్జిట్ ఫీజు 50 లక్షల డాలర్లు. జులై వస్తే రెట్టింపు. ఆ తేదీనే ఎందుకో అర్థమైందిగా. మౌంటెన్ వెస్ట్ కూడా ఊరుకోలేదు: యూటెప్‌ని (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) తెచ్చుకుంది, ఫుట్‌బాల్‌కే పరిమితమైన హవాయికి పూర్తి సభ్యత్వం ఇచ్చింది.