మిర్యాలగూడ కాంటాకు ఎక్సెప్షన్ క్లాసులు: నా అనుభవం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా ప్రోగ్రాం నా చేతికొచ్చేసరికే పైథాన్‌లో రాసి నడుస్తోంది. ఇండికేటర్ (బరువు చూపే డబ్బా) నుంచి తూకం చదివి చిట్టీ ప్రింట్ చేయడం దాని పని. కోతల టైంలో వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా లైను కట్టినప్పుడు చిట్టీ మీద బరువు సున్నా పడేది. ఇక రైతుతో లొల్లే.

కోడ్ తెరిస్తే ఎక్కడ చూసినా, ఎర్రర్ వస్తే (పైథాన్‌లో దాన్నే ఎక్సెప్షన్ అంటారు) పట్టుకునే ఉత్త 'ఎక్సెప్ట్', దాని కింద సున్నా తిప్పి పంపే 'రిటర్న్ 0'. వైరు ఊడినా సున్నానే, ఇండికేటర్ ఆపేసి ఉన్నా సున్నానే. పైగా క్లాసు పేరు లేని ఎక్సెప్ట్ కీబోర్డ్ ఇంటరప్ట్‌ను (కంట్రోల్-సి కొడితే వచ్చే ఎక్సెప్షన్) కూడా మింగేస్తుంది. లూపులో ఉండగా కంట్రోల్-సి కొట్టినా ప్రోగ్రాం ఆగదు.

అందుకే ఎర్రర్లను రకాలుగా విడగొట్టాలని, కాంటాఎర్రర్ అని ఒక పేరెంట్ క్లాసు (మిగతా ఎర్రర్ రకాలన్నిటికీ పైది) రాశాను. దాని కింద ఏమేం పెట్టాలన్నది కాంటా దగ్గర కూర్చునే పిల్లగాడు తేల్చేశాడు.

"అన్నా, ఉత్తగ ఎర్రర్ అని వస్తే నాకేం సమజైతది? వైరు సూడాల్నా, నీకు ఫోన్ జేయాల్నా?"

దాంతో ఎర్రర్ ఎక్కడ పుట్టిందన్నది పక్కనబెట్టి, ఎవరు చూసుకోవాలన్న లెక్కన విడగొట్టాను. వైరు, ఇండికేటర్ ఎర్రర్లు ఒక క్లాసు కింద, అవి అతనివి. డేటాబేస్‌వి ఇంకో క్లాసు కింద, అవి నావి. స్క్రీన్ మీద ఏం చేయాలో తెలుగులో వస్తుంది.

పైసీరియల్‌తో (వైరు మీదొచ్చే డేటా చదివే పైథాన్ లైబ్రరీ) ఒక తిరకాసుంది. యూఎస్‌బీ వైరు లాగేస్తే సీరియల్ ఎక్సెప్షన్ వస్తుంది గానీ, ఇండికేటర్ పలక్కపోతే ఏదీ రాదు. టైమౌట్ అయ్యాక (పెట్టిన గడువు దాటాక) రీడ్ ఖాళీ బైట్లిచ్చి ఊరుకుంటుంది. ఎన్ని బైట్లొచ్చాయో చూసి మనమే ఎర్రర్‌ను 'రైజ్' చేయాలి, అంటే లేపాలి. సీరియల్ ఎక్సెప్షన్‌ను మన క్లాసుగా మార్చే చోట 'రైజ్'కు 'ఫ్రమ్' తగిలిస్తే అసలు ఎర్రర్ కూడా లాగ్‌లో మిగులుతుంది. రాత్రిపూట ఫోన్ వస్తే నేను ముందు వెతికేది దాన్నే.

ఎక్సెప్ట్‌లు రాసేటప్పుడు పిల్ల క్లాసులు ముందు, పేరెంట్ ఆఖరున. తిరగేసి రాస్తే జావాలో కంపైలరే ఒప్పుకోదు. పైథాన్ మాత్రం కిక్కురుమనదు, పేరెంటే అన్నిటినీ పట్టేసుకుంటుంది.

తేమ 17 శాతం దాటినా ఎక్సెప్షన్ వేయమన్నాడు సేటు. నేను ఒప్పుకోలేదు. వానాకాలం వడ్లలో అది రోజూ ఉండేదే, ప్రోగ్రాం చెడిపోయినట్టు కాదు. దానికి మామూలు 'ఇఫ్' పెట్టి, చిట్టీ మీద తేమ శాతం అచ్చయ్యేలా చేశాను.