‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అంటే సరిపోదు: ఆటిజం, ఏడీహెచ్‌డీ పిల్లలకు వాట్సాప్, ఇన్‌స్టా నేర్పడం

ఆటిజం ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాడికి ‘కొత్తవాళ్లతో మాట్లాడొద్దు’ అని చెప్పామనుకోండి. వాడు ఆ మాట అక్షరాలా పాటిస్తాడు. రైళ్ల వీడియో కింద పరిచయమైన ఒకాయన మూడు రోజులు వరసగా డబ్ల్యూఏపీ-7 ఇంజన్ల గురించి కబుర్లు చెబితే, నాలుగో రోజుకి ఆయన కొత్తవాడు కాడు. పిల్లాడి లెక్క సరైనదే. మనం చెప్పిన మాటలోనే కొలత లేదు.

‘జాగ్రత్తగా ఉండు’, ‘మంచివాళ్లతోనే మాట్లాడు’, ‘ఎక్కువసేపు చూడకు’, ‘తేడాగా అనిపిస్తే చెప్పు’. వీటిలో ఒక్కటి కూడా కంటితో చూసి తేల్చుకునేది కాదు. పైగా ఆ ‘తేడాగా అనిపించడం’ ఈ పిల్లల్లో చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. అందుకే ఫోన్ చేతికిచ్చే ముందు చేయాల్సిన పెద్ద పని నియమాలు తిరగరాయడం.

కొత్తవాళ్లు అనే మాట తీసేసి ఇలా చెప్పండి: అమ్మగానీ నాన్నగానీ ఆ మనిషిని ఎదురుగా చూసి ఉండాలి, ఆ నంబరు అమ్మే సేవ్ చేసి ఉండాలి. రెండూ ఉంటే ఆ మనిషికి పచ్చ (ఆకుపచ్చ) రంగు. క్లాసు పిల్లలు పసుపు, అంటే క్లాసు గ్రూపులో మాట్లాడొచ్చు, విడిగా మాట్లాడాలంటే ముందు ఇంట్లో అడగాలి. మిగతా అందరూ ఎరుపు. ఎన్ని రోజులుగా మాట్లాడుతున్నా, మన ఊరివాడినేనని చెప్పినా, ఫ్రెండ్ లిస్టులో తెలిసినవాళ్లు ఎందరున్నా ఎరుపే. నంబరు సేవ్ చేసేటప్పుడు పేరు ముందు పచ్చ చుక్కో పసుపు చుక్కో ఎమోజీ పెట్టేస్తే చాట్ లిస్టులోనే రంగు కనిపిస్తుంది, పిల్లాడు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అయితే పచ్చ చుక్క ఉన్నవాళ్లంతా మంచివాళ్లని అర్థం కాదు. తెలిసినవాళ్ల నుంచీ ప్రమాదం వస్తుంది కాబట్టి రెండో నియమం మనిషిని కాక, అడిగిన పనిని పట్టి ఉండాలి. బట్టలు లేని ఫొటో, ఓటీపీ లేదా పిన్, డబ్బు లేదా రీఛార్జి, ‘ఇప్పుడెక్కడున్నావు, ఇంట్లో ఎవరున్నారు’ అనే ప్రశ్న, ‘ఇంట్లో చెప్పకు’ అనే మాట. ఈ ఐదింటిలో ఏది వచ్చినా, మేనమామ అడిగినా, మాస్టారు అడిగినా, జవాబు ఇవ్వకూడదు. నాన్న పని మీద చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉండి ‘ఎక్కడున్నావురా’ అని అడగడం మామూలే కదా అంటారు. నిజమే. ఆ ఒక్క ప్రశ్నకి అమ్మ, నాన్న, తాతయ్య, నాయనమ్మ అని పేర్లు రాసి మినహాయింపు ఇవ్వండి. ‘ఇంట్లోవాళ్లు’ అని వదిలేస్తే దూరపు చుట్టాలూ అందులోకి వచ్చేస్తారు. ఐదు బొమ్మలు గీసి ఛార్జర్ పెట్టే ప్లగ్గు పక్కనే అంటించండి. చదవడం రాని పిల్లలకీ పనికొస్తుంది.

అప్పుడు పిల్లాడు చేయాల్సినవి మూడే: జవాబు ఇవ్వకు, ఫోన్ బోర్లా పెట్టు, అమ్మకి చూపించు. బ్లాక్ చేయడం, రిపోర్టు కొట్టడం మన పని. వాటిని కూడా వాడికే అప్పగిస్తే కంగారులో చాట్ మొత్తం డిలీట్ అయిపోతుంది, తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

చూపించిన క్షణంలో మన నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ముందే తయారుగా ఉండాలి. ‘చూపించావు, మంచి పని చేశావు.’ అంతే. ‘ఏటిది? ఎందుకు మాట్లాడావసలు?’ అని అరిచి ఫోన్ లాక్కుంటే పిల్లాడికి అర్థమయ్యే పాఠం ఒకటే: చూపిస్తే ఫోన్ పోతుంది. ఇంట్లో ఉండే నాయనమ్మకీ ఈ వాక్యం నేర్పాలి, ఎందుకంటే సాయంత్రాలు ఫోన్ ఉండేది ఆవిడ దగ్గరే.

నియమం చెప్పడం ఒక ఎత్తు, సాధన ఇంకో ఎత్తు. ఇంట్లో రెండో ఫోన్ నుంచి ఆటలా మెసేజ్‌లు పంపండి. ‘ఇది ఆట, మెసేజ్‌లు పంపేది అక్కే’ అని ముందే చెప్పాలి. చెప్పకుండా ఉచ్చు పన్ని ‘చూశావా, మోసపోయావు’ అనడం ఈ పిల్లల దగ్గర అస్సలు వద్దు, నమ్మకం ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం. పది నిమిషాలు, వారానికి మూడుసార్లు చాలు. ఐదు మెసేజ్‌లలో మూడు మామూలువి ఉండాలి: ‘ఏటిరా, తిన్నావా?’, ‘రేపు బడి ఉందా?’, ఒక రైలు ఫొటో. రెండు మాత్రం ఆ ఐదు బొమ్మల్లోవి. అన్నీ ప్రమాదకరమైనవే పంపితే పిల్లాడు అందరినీ తిరస్కరించడం నేర్చుకుంటాడు, రెండు వారాల్లో మావయ్య నంబరు బ్లాకయిపోతుంది. ఇంకో చిక్కు: అమ్మ ఫోన్‌లో, హాల్లో కూర్చుని సరిగ్గా చేసిన పిల్లాడు అన్నయ్య ఫోన్‌లో అదే మెసేజ్‌కి జవాబిచ్చేస్తాడు. ఒకచోట నేర్చింది ఇంకోచోటికి దానంతట అది రాదు. ఫోన్ మార్చి, యాప్ మార్చి, మెసేజ్ పంపే మనిషిని మార్చి, వాక్యం మార్చి మళ్లీ చేయించాలి. ఏ సూచనా లేకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర సరిగ్గా చేస్తేనే వచ్చినట్టు లెక్క.

ఫొటోల దగ్గర కూడా ‘వివరాలు పెట్టకు’ అనడం దండగ. విజయనగరం స్టేషన్‌లో ఇంజన్ పక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి తీసుకోండి. పెద్దది చేసి చూపిస్తూ వేలితో చుట్టించండి: యూనిఫాం జేబు మీద బడి బ్యాడ్జీ, మెడలో ఐడీ కార్డు మీద పేరు, వెనక నాన్న బండి నంబరు ప్లేటు, దుకాణం బోర్డు కింద ఊరి పేరు. నాలుగూ దొరికాక క్రాప్ చేయించండి, ఇంజన్ ఒక్కటే మిగిలేలా. రైళ్లంటే ప్రాణం పెట్టే పిల్లాడికి అదేమీ నష్టం కాదు, వాడికి కావలసిందీ ఇంజనే. పండగలకీ ఒక నియమం ఉండాలి. సిరిమాను సంబరానికి వెళ్లి అక్కడి నుంచే స్టేటస్ పెడితే ఇల్లు ఖాళీ అని ఊరందరికీ చెప్పినట్టే. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అప్పుడు పెట్టాలి. ‘తర్వాత పెట్టు’ కంటే ‘కాళ్లు కడుక్కున్నాక పెట్టు’ అనేది బాగా పనిచేస్తుంది.

ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, తొందరపాటు ఎక్కువగా ఉండటం) పిల్లల సమస్య వేరు. వీళ్లకి నియమం తెలుసు, వేలు ముందుకెళ్లిపోతుంది. కోపంలో పెట్టిన కామెంట్, ఆలోచించక ముందే ఫార్వర్డ్ చేసిన వీడియో. వీళ్లకి కావలసింది ఆలస్యం. రాసింది ముందు తన నంబరుకే పంపుకుని, చదువుకుని, అప్పుడు అసలు చోట పెట్టే అలవాటు చేయించండి. సమయం విషయానికొస్తే, రీల్స్‌కీ షార్ట్స్‌కీ చివర అంటూ ఉండదు. ‘ఇరవై నిమిషాలు’ అనే మాటకి వాళ్ల లోపల గడియారం లేదు. అందుకే ఐదేసి నిమిషాల వీడియోలు నాలుగు కలిపి యూట్యూబ్‌లో ప్లేలిస్టు చేసి, ఆటోప్లే ఆపేయండి. నాలుగోది అయిపోతే అయిపోయినట్టే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్ పెట్టుకోవచ్చు కానీ అది కంచె మాత్రమే. వీడియో మధ్యలో యాప్ మూసుకుపోతే జరిగే రభస తెలిసిందే. పది, ఐదు, ఒకటి అని మూడుసార్లు ముందే హెచ్చరిక ఉండాలి.

చదవడం కష్టమైన పిల్లలు వార్నింగు మెసేజ్ చదవకుండా ‘ఓకే’ నొక్కేస్తారు. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే నొక్కిన చోట ఉన్నది చదివి వినిపిస్తుంది.

పెద్దవాళ్లు తక్కువ మాట్లాడే సంగతి ఒకటుంది: మన పిల్లాడే ఎదుటివారికి ఇబ్బంది కావడం. క్లాసమ్మాయి జవాబివ్వలేదని వరసగా ఇరవై మెసేజ్‌లు, తర్వాత కాల్స్, హృదయం ఎమోజీలు. వాడి మనసులో చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు, అవతలి ఇంట్లో మాత్రం అది వేధింపే, ఫిర్యాదు కూడా అవుతుంది. నియమం: ఒక మెసేజ్, జవాబు రాకపోతే మర్నాడు ఇంకొకటి, ఆపైన లేదు. జవాబు రాకపోవడమూ ‘వద్దు’ అనడమే అని స్పష్టంగా చెప్పాలి, తనంతట తాను ఊహించుకుంటాడని వదలకూడదు. నీలం టిక్కులు చూసి కుంగిపోయే పిల్లలకి వాట్సాప్ ప్రైవసీలో రీడ్ రిసీట్స్ ఆపేయండి, గ్రూపుల్లో తప్ప మిగతాచోట్ల ఆ బాధ తప్పుతుంది.

ఇక సెట్టింగులు. వాట్సాప్‌లో ప్రైవసీకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, గ్రూప్స్ మూడింటికీ మై కాంటాక్ట్స్ పెట్టండి. అదే పేజీలో కాల్స్ కింద సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఉంటుంది, ఆన్ చేయండి. మీడియా ఆటో డౌన్‌లోడ్ పూర్తిగా ఆపండి. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌కి కనీస వయసు 13. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, త్వరగా పనైపోతుందని పుట్టిన సంవత్సరం మార్చి పద్దెనిమిది దాటినట్టు పెట్టడం. టీన్ అకౌంట్‌లో వాటంతటవే వచ్చే రక్షణలన్నీ దాంతో పోతాయి: అకౌంట్ ప్రైవేట్‌గా ఉండటం, పిల్లాడు తాను ఫాలో చేసేవాళ్ల, ముందే కనెక్ట్ అయి ఉన్నవాళ్ల మెసేజ్‌లే రావడం, 60 నిమిషాలకి ఆపమని గుర్తుచేయడం, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మూగబోవడం. అసలు వయసు పెడితే 16 లోపు పిల్లలు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి.

ఇంటికంతా ఒకటే ఫోన్, అందులోనే డబ్బులు పంపే యాప్ ఉంటే యాప్ పిన్నింగ్ వాడండి, తెరిచిన ఒక్క యాప్ దాటి బయటికి పోకుండా ఆపుతుంది. సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది, కొన్ని ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ అని ఉంటుంది. అన్‌పిన్‌కి పిన్ అడిగేలా పెట్టడం మరవొద్దు, లేదంటే రెండు బటన్లు నొక్కి బయటకొచ్చేస్తారు. డబ్బు విషయంలో ఒక్క వాక్యం బట్టీ పట్టించండి: యూపీఐ పిన్ కొడితే డబ్బు పోతుంది, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

జరగకూడనిది జరిగితే అకౌంట్ డిలీట్ చేయకండి. యూజర్‌నేమ్, తేదీ, సమయం కాగితం మీద రాయండి. బెదిరింపు మెసేజ్‌లకి స్క్రీన్‌షాట్ సరే, కానీ పిల్లల నగ్న ఫొటో ఉంటే సాక్ష్యం కోసమని చుట్టాలకీ గ్రూపులకీ పంపకూడదు, పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఆ ఫోన్‌నే పోలీసులకి చూపించండి. డబ్బు పోతే వెంటనే 1930, పిల్లల భద్రతకి 1098, అత్యవసరమైతే 112. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పిల్లల మీద లైంగిక నేరాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 18 లోపు తీసిన నగ్న ఫొటో బయటికి పోతుందన్న భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన కంపెనీలు ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి.

భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లే పిల్లలైతే అక్కడి సహిత విద్య టీచరుకి మీ ఐదు బొమ్మల కాగితం, మూడు రంగుల పద్ధతి ఇవ్వండి, అవే మాటలు అక్కడా వాడమనండి. ఇంట్లో ‘ఎరుపు’, బడిలో ‘అపరిచితుడు’ అంటే పిల్లాడికి అవి రెండు వేర్వేరు పాఠాలు. ఫోన్ మార్చిన రోజు మాత్రం సాయంత్రం ఒక అరగంట పెట్టుకుని ఈ సెట్టింగులన్నీ మళ్లీ చూసుకోండి. యాప్ పిన్నింగ్, టైమర్లు కొత్త ఫోన్‌లో మొదటి నుంచి పెట్టాల్సిందే.