వాన కోసం సకలేశపుర దాకా

బెంగళూరులో జులైలో కొన్న రెయిన్‌కోటు మంచిదో కాదో అక్టోబరు దాకా తేలదు. జూన్, జులైల్లో ఇక్కడ పడేది చాలావరకు తుంపరే. అరేబియా సముద్రం మీంచి వచ్చే మబ్బులు పడమటి కనుమల మీద కుమ్మరించేసి, మిగిలింది మన మీద చల్లుకుంటూ పోతాయి. ఊరిని ముంచే వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి, అదీ సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చెరువైపోయి, సాఫ్ట్‌వేర్ వాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన ఫోటోలు దేశమంతా చూసింది. నా దారి అదే. కేఆర్ పురం నుంచి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దాకా బైకు మీద రోజూ పోయి రావాలి.

కొన్న సరుకు సంగతి అక్టోబరుకు ముందే తేల్చుకోవాలంటే వాన ఉన్నచోటికి మనమే పోవాలి. పడమటి కనుమల్లోని సకలేశపుర 220 కిలోమీటర్లు. జులైలో అక్కడ వాన కోసం ఎదురు చూడక్కర్లేదు. మా బావమరిది కూడా వస్తానన్నాడు. వాడిది కడప. వానంటే వాడికి చుట్టపుచూపుగా వచ్చి పోయేదే కాబట్టి ఉత్సాహం ఎక్కువ.

ముందు కొనుగోలు సంగతి. జేసీ రోడ్డులో బండి సామాన్ల షాపులు వరసగా ఉంటాయి. మేం వెళ్లిన షాపాయన తెలుగు, తమిళం, కన్నడ కలిపి మాట్లాడుతూ ఒక కోటు చెయ్యి పట్టుకుని బాటిల్లో నీళ్లు పోశాడు. నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి. "చూశారా సార్, ఒక్క చుక్క నిలబడదు" అన్నాడు. నిజమే కానీ, అది కోటు గొప్పతనం కాదు. గుడ్డ పైన నీటిని జారవిడిచే పూత ఒకటి వేస్తారు, దాని పని అది. నాలుగు ఉతుకులకు, బురదకు ఆ పూత అరిగిపోతుంది. నీళ్లను లోపలికి రానివ్వకుండా ఆపేది గుడ్డ వెనక ఉండే పాలీయురెథేన్ పొర. దాని బలాన్ని లేబుల్ మీద మిల్లీమీటర్లలో రాస్తారు. గుడ్డ మీద నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతే, అవతలి వైపు మూడు చోట్ల చుక్కలు కనిపించే సమయానికి ఎంత ఎత్తు నీటి స్తంభం బరువు దాని మీద పడిందో ఆ లెక్క. 5,000 అంటే ఐదు మీటర్ల నీటి ఎత్తు.

వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది. అయితే అది కుట్టు లేని గుడ్డ ముక్క మీద చేసే పరీక్ష. కోటుకేమో కుట్లుంటాయి, జిప్పులుంటాయి, మెడ ఉంటుంది, చేతుల చివర్లుంటాయి. సూది దిగిన ప్రతిచోటా ఒక కంత. అందుకే షాపులో పైగుడ్డ పిసికి చూడటం కన్నా ప్యాంటు తిరగేసి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూడటం నయం. కుట్ల మీద టేపు అతికించి ఉందా, ఉంటే చివరిదాకా ఉందా, నాలుగు ముక్కలు కలిసే గజ్జల దగ్గర ముడతలు పడిందా అని చూడాలి. బైకు మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా మోసేదీ, నీళ్లు వచ్చి నిలిచేదీ ఆ చోటే. ఆ షాపులో చూసిన వాటిలో కూర్చునే భాగం ఒకే ముక్కగా కోసి, కుట్టును వెనక్కి జరిపిన ప్యాంటు ఒక్కటే కనిపించింది. అదే తీసుకున్నాను. పైకోటు, ప్యాంటు కలిపి మూడు వేల చిల్లర. రంగు చిలకపచ్చ పసుపు. నల్లది బాగుంటుందని మా ఆవిడ అంది కానీ, వానలో రాత్రిపూట లారీ డ్రైవరుకు నల్లకోటు కనపడదు.

మా బావమరిది రోడ్డు పక్కన తాడుకు వేలాడదీసి అమ్మే పీవీసీ జత కొన్నాడు, ఐదొందలకు. "ప్లాస్టిక్కులోంచి నీళ్లెట్లా వస్తాయి బావా?" అన్నాడు. గుడ్డ మట్టుకు చూస్తే వాడి మాటకు తిరుగులేదు.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. లోపల టిష్యూ పేపర్లు దోపుకుని, ఆ ప్యాంటు వేసుకుని షవర్ కింద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. నిలబడితే ఏ రెయిన్‌కోటైనా పాసవుతుంది, కూర్చోబెట్టి చూడాలి. "ట్యాంకరు నీళ్లు డబ్బు పోసి కొంటుంటే రెయిన్‌కోటుకు స్నానమా?" అని తలుపు అవతలి నుంచి మా ఆవిడ కేక. 2024 ఎండాకాలం నీటి కరువు చూసిన బెంగళూరు ఇల్లాలు అనాల్సిన మాటే. టిష్యూలు పొడిగానే వచ్చాయి.

తెల్లవారుజామునే లేచి హెబ్బాళ, గొరగుంటెపాళ్య దాటేసి నెలమంగళ దగ్గర 75వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. కుణిగల్ ముందర తట్టె ఇడ్లీ తిన్నాం. యడియూరు, బెళ్లూరు క్రాస్, చన్నరాయపట్టణ దాకా రోడ్డు నున్నగా, ఆకాశం ముసురుగా ఉంది. చెప్పుకోవడానికి ఏమీ లేదు. హాసన్ ఇంకా రాకముందే పడమర దిక్కు నల్లబడింది. ఒక బస్టాపు షెల్టరు కింద బండ్లు ఆపాం.

ఇక్కడే నాకు రోజువారీ ప్రయాణానికి పనికొచ్చే మొదటి సంగతి తెలిసింది. రెయిన్‌కోటు ఎంత మంచిదైనా, బూట్లు విప్పకుండా తొడగలేకపోతే మనం దాన్ని తొడగం. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకుని తడిసిపోతాం. నా ప్యాంటుకు మడమ నుంచి మోకాలి పైదాకా జిప్పు ఉంది, బూట్లతోనే దూరిపోయాను. మా బావమరిది ఒంటికాలి మీద గెంతుతూ కాలు దూరుస్తుంటే గజ్జల దగ్గర చర్రుమంది. పీవీసీ చల్లబడితే బిరుసెక్కుతుంది, సాగదు. "ఏం కాలేదులే బావా, గాలాడుతుంది" అన్నాడు.

హాసన్ దాటాక వాన పట్టుకుంది. ఆలూరు దగ్గర్నుంచి అది వానలా లేదు. ముందు లారీ చక్రాల నుంచి లేచే బురదనీరు, పైనుంచి పడేది, పక్కనుంచి గాలి కొట్టేది, మూడూ కలిసిపోయాయి. పావుగంటలో కోటు పైగుడ్డ నానింది. లోపలికి నీళ్లు రాలేదు కానీ, ఒంటికి చల్లగా తగులుతుంటే తడిసిపోయామనే అనిపిస్తుంది. ఇంకో పావుగంటకు హెల్మెట్ వెనక నుంచి కారిన నీళ్లు మెడ మీద పడ్డాయి. కాలర్ ఎత్తుగా ఉండి వెల్క్రోతో బిగించుకునే వీలున్నా, తల పక్కకు తిప్పిన ప్రతిసారీ కొంచెం సందు వస్తుంది. లోపల మెడకు చుట్టుకునే పలచటి బఫ్ వేసుకుంటే అది నీళ్లను పీల్చి ఛాతీ మీదకు దించుతుంది. అంచును కాలర్ లోపలికి పూర్తిగా దోపితే గానీ ఆగలేదు.

చేతుల సంగతి చెప్పాలి. మన మామూలు బండ్ల మీద కూర్చుంటే చేతులు భుజం నుంచి హ్యాండిల్ దాకా కిందికి వాలి ఉంటాయి. కోటు మీద పడిన నీళ్లన్నీ ముంజేతి మీదుగా గ్లవ్స్ వైపే జారతాయి. గ్లవ్స్ అంచు కోటు మీదకు వేసుకుంటే అవి నీళ్లు పట్టే గరాటులవుతాయి. అంచు లోపలికి పెట్టి, పైన కోటు చేతిని బిగించాలి. పొట్టి అంచు గ్లవ్స్‌తో ఇది కుదరదు. కోటు చేతులు కూడా, నిలబడి అద్దంలో చూసుకున్నప్పుడు కొంచెం పొడుగనిపించేవే తీసుకోవాలి. హ్యాండిల్ అందుకోగానే నాలుగు వేళ్ల మేర వెనక్కి పోతాయి.

గజ్జల దగ్గర నేను ఊహించింది వేరు, జరిగింది వేరు. కుట్టు నిలబడింది. కానీ గాలి కోటు ముందు భాగాన్ని పైకి ఎగదోసి, ట్యాంకుకీ నాకూ మధ్య చిన్న మడుగు కట్టించింది. కోటు పొట్టిదైతే ఆ నీళ్లు నడుము దగ్గర కోటుకీ ప్యాంటుకీ మధ్య సందులోంచి లోపలికి వచ్చేవే. ప్యాంటు నడుము ఎత్తుగా, బొడ్డు పైకి వచ్చేలా ఉండటం వల్ల బతికిపోయాను. అప్పుడప్పుడు నిలబడి ఆ నీళ్లు దులపాల్సి వచ్చింది.

హెల్మెట్ అద్దం మసకబారడం మరో బాధ. నా అద్దానికి లోపల పిన్‌లాక్ అనే రెండో పలక ఉంది. రెండింటి మధ్య గాలి పొర ఉండిపోవడంతో లోపలి పలక చల్లబడదు, ఊపిరి ఆవిరి దాని మీద పట్టదు. మా బావమరిది అద్దం ఎత్తుకుని నడిపాడు. సూదుల్లా వాన కళ్లలో పడుతోందని ఒకటే తిట్లు. వాడి పీవీసీ కోటు గాలికి బుడగలా ఉబ్బి టపటపా కొట్టుకుంటుంటే, వెనక కేఎస్‌ఆర్టీసీ బస్సు హారన్ కొట్టినా వాడికి వినపడలేదు. నాకదే అన్నిటికన్నా భయం పుట్టించింది. వదులుగా ఉండే కోటు తడపకపోయినా ప్రమాదమే. నడుముకీ జబ్బలకీ బిగించుకునే పట్టీలు ఉండాలి.

సకలేశపుర లాడ్జిలో విప్పి చూసుకున్నాం. మా బావమరిది చినుగు దగ్గర్నుంచి మోకాళ్ల దాకా తడిసిపోయాడు, అది సరే. వాడి చొక్కా కూడా పిండేలా ఉంది. ప్లాస్టిక్కు బయటి నీళ్లను రానివ్వలేదు, లోపలి చెమటను పోనివ్వలేదు. నా టీషర్టు కూడా వీపు మీద తడిగానే ఉంది. అది కారిందా, చెమటా అన్నది పట్టుకోవడం కష్టం కాదు. చెమటైతే వీపంతా ఒకేలా నెమ్ముగా, గోరువెచ్చగా ఉంటుంది. కారితే చల్లగా ఉంటుంది, గీతలా ఒకచోట మొదలై కిందికి సాగుతుంది. గీత నాకు ఒక్క మెడ దగ్గరే కనిపించింది.

గోర్‌టెక్స్ లాంటి పొరలున్న ఖరీదైన కోట్లు చెమటను ఆవిరిగా బయటికి పంపుతాయి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా లాగి సాగదీస్తే పుట్టిన పదార్థం అది. దాని రంధ్రాల్లోంచి ఆవిరి దాటుతుంది, నీటి చుక్క దాటదు. అయితే లోపలికన్నా బయట పొడిగా ఉంటేనే ఆవిరి బాగా బయటికి నడుస్తుంది. సకలేశపుర జులై గాలిలో, సిల్క్ బోర్డు సిగ్నల్లో లారీల వేడి మధ్య ఆ తేడా తగ్గిపోతుంది. నా మట్టుకు ఆ డబ్బు పెట్టడం కన్నా, చంకల కింద జిప్పు ఉన్న కోటు కొనుక్కుని సిగ్నల్లో తెరుచుకోవడం మేలు.

మర్నాడు మంజరాబాద్ కోటకు వెళ్లాం. 1792లో టిప్పు సుల్తాన్ కట్టించిన ఎనిమిది కోణాల నక్షత్రం. ఆ ఆకారం పైనుంచి చూసేవాళ్లకే తెలుస్తుంది, మాకు మంచులో పది అడుగుల గోడ తప్ప కనపడలేదు. మెట్లు పాచి పట్టి ఉన్నాయి. బూట్ల మీద తొడిగే ప్లాస్టిక్ కవర్లతో ఎక్కబోయి మా బావమరిది జారాడు, అడుగు నున్నగా ఉన్న కవర్లు నడకకు పనికిరావు. వాటి ఎడమ కాలిది అప్పటికే గేరు లివరు తగిలి బొటనవేలి దగ్గర చిరిగిపోయింది. శిరాడి ఘాటు దిగుదామని వాడికి మహా కోరిక. ఈ వానల్లో కొండచరియలు విరిగిపడే దారి అది, వద్దన్నాను.

తిరుగు ప్రయాణంలో వాన లేదు, పూర్తిగా కోట్లు ఆరిపోయాయి. గొరగుంటెపాళ్య దగ్గరకొచ్చేసరికి జల్లు మొదలై, మామూలుగానే ఫ్లైఓవర్ కింద బైకులన్నీ గుంపుగా ఆగిపోయాయి. రెండు వరసలు మూసుకుపోయి వెనక బస్సులు హారన్లు. అందరి డిక్కీల్లోనూ రెయిన్‌కోట్లు ఉండే ఉంటాయి, విప్పి తొడిగే ఓపికే లేదు. కోటు తొడిగినా ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నీళ్లు నిండిన అండర్‌పాస్‌లోకి బండి దించకూడదు. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి ప్రాణం పోయింది మన ఆంధ్ర అమ్మాయికే.

ఇప్పుడు డిక్కీలో ప్యాంటు పైన, కోటు కింద పెడుతున్నాను, తొడిగేది ఆ వరసలోనే కాబట్టి. తడిది మడిచి అందులో వదిలేయను. తేమకూ వేడికీ ఆ పాలీయురెథేన్ పొర జిగురుగా మారి పొట్టు లేస్తుంది. ఆఫీసు బేస్‌మెంటులో పైపుకు ఆరేస్తే సెక్యూరిటీ ఆయన మొదట్లో గొణిగాడు, ఇప్పుడు తన గొడుగు కూడా అక్కడే తగిలిస్తున్నాడు. మా బావమరిది నా లాంటి జతే కొన్నాడు, ఒక సైజు పెద్దది. కొన్న వారంలోనే కుడికాలు సైలెన్సర్‌కు అంటుకుని అరచేతంత కరిగింది. కుడికాలు లోపలివైపు వేడికి కరగని గుడ్డ వేసిన ప్యాంటు ఎక్కడైనా దొరుకుతుందేమోనని జేసీ రోడ్డంతా తిరుగుతున్నాడు.